జోగినాయుడు మాస్టారి తీగల మురికి

నమోదు 1

గాలి విభాగం, కొత్త టెక్కలి, చంద్రుడు. రాస్తున్నది దమయంతి, మొదటి షిఫ్టు. గాలీ నీరూ వడగట్టే జల్లెడలన్నీ శుభ్రం. తేమ మామూలు. ఇక అసలు విషయం.

ఈ దినచర్యలో మొదటి వరుస తప్ప పైవాళ్ళు ఏదీ చదవరని నాకు ఎప్పుడో తెలిసిపోయింది. ఒకసారి తొమ్మిదో జల్లెడలో ఏనుగు ఇరుక్కుందని రాసి చూశాను. ఎవరూ కిమ్మనలేదు. అందుకని మొదటి వరుస ఉద్యోగానికి, మిగతాది నాకు.

జోగినాయుడు మాస్టారి బేస్ గిటార్ మన ఊరికి వస్తోంది. ఈ వాక్యం రాస్తుంటేనే నాకు నవ్వు ఆగడం లేదు. మొదటి సొరంగం తవ్విన రోజుల్లో అక్కడి క్యాంటీన్‌లో వాయించిన మనిషి ఆయన. చంద్రుడి మీద పుట్టిన ఏ పాట తీసుకున్నా అడుగున ఆయన బేస్ నడుస్తూ ఉంటుంది. అది చెవికన్నా ముందు కడుపుకి తెలుస్తుంది. ఇప్పుడు ధ్రువం దగ్గరి ఊళ్ళో ఉంటున్నారు.

మా మంద్రం జట్టులో బేస్ వాయించేవాళ్ళం నలుగురం. పదేళ్ళుగా మా తగువంతా ఆ టోన్ గురించే. కూర్మారావు, తీగల కింద ఉండి వాటి అదురుని పట్టే పికప్ అంటాడు. ఆ అయస్కాంతాలు ముసలివై మెత్తబడ్డాయట, చుట్టిన రాగి తీగ చేత్తో చుట్టిందట. నకలు పికప్‌లు చుట్టీ చుట్టీ అతని బొటనవేలు కాయకాసింది. ఇంకొకాయన చెక్క అంటాడు. మరొకావిడ, మాస్టారు తీగల కింద స్పంజి పెట్టేవారని ఎక్కడో విని, ఇంట్లో పరుపు కోసింది. నేను తీగలు అంటాను. ఆయన తీగలు ఎప్పుడూ మార్చలేదు. ఒక్కసారి కూడా. ఏళ్ళ తరబడి చేతి మురికి పట్టి, నల్లబడి, మొద్దుబారి, అవి అలా పలుకుతాయని నా వాదం.

నకలు పెట్టె ఉండగా ఈ గొడవ ఎందుకని పిల్లలు అడుగుతారు. నిజమే, పెట్టెకి ఒక రికార్డింగు వినిపిస్తే చాలు, ఎవరి టోన్ కావాలంటే వాళ్ళది స్పీకరులోంచి పోసేస్తుంది. కానీ మాస్టారికి స్పీకరుతో పని లేదు. ఆయన చెవులు పూర్తిగా పోయాయి. ఇప్పుడు ఎవరైనా వాయిస్తుంటే బేస్ తల మీద దవడ ఆనించి, ఎముకల్లోంచి వింటారు. అక్కడ పెట్టె ఆటలు సాగవు. తీగ ఎలా అదిరితే అలాగే వినపడుతుంది.

ఆయన వేళ్ళు కూడా బిగుసుకుపోయాయి. అందుకే మా నలుగురి రికార్డింగులూ తెప్పించుకుని, స్పీకరుకి దవడ ఆనించి, టోన్ తెలియకపోయినా లయ మాత్రం పట్టుకుని, నన్ను ఎంచుకున్నారు. "ఈ పిల్ల తొందరపడదు" అని రాశారు. కిందనే ఇంకో మాట ఉంది. తన టోన్ తన ఎముకలకి ఒక్కసారి వినిపిస్తే చాలునట, ఆపైన బేస్ మన ఊళ్ళోనే ఉంచేస్తారట. బేస్‌ని సరుకుల బండిలో ముందే పంపి, నన్ను చెయ్యి అలవాటు చేసుకోమన్నారు.

ఆ ఉత్తరం కూర్మారావుకి మూడుసార్లు చదివి వినిపించాను. నాలుగోసారి మొదలుపెడితే లేచి వెళ్ళిపోయాడు.

నమోదు 2

జల్లెడలు శుభ్రం. నేను మాత్రం బాగాలేను.

సరుకుల బండి వచ్చింది. మా ఆయన గౌరీసు పనిచేసేది ధూళి గదిలో. బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్యన ఉండే గది అది. చంద్రుడి ధూళి సన్నటి గాజుపొడి లాంటిది, ఊపిరితిత్తుల్లోకి వెళితే అంతే. అందుకే వచ్చిన ప్రతి వస్తువునీ అక్కడ కడిగే లోపలికి పంపుతారు. మామూలు సరుక్కి ఒక నీరు. అతిథికి, అతిథి సామానుకి మూడు నీళ్ళు. కాళ్ళు కడిగి లోపలికి పిలవడం మన పెద్దలు భూమ్మీద నుంచి తెచ్చుకున్న మర్యాద. ఇక్కడికొచ్చాక కాళ్ళతో ఆగలేదు, మనిషి మొత్తానికీ, పెట్టెలకీ కూడా పాకింది. మూడు నీళ్ళూ పొయ్యకపోతే అలిగి వెళ్ళిపోయిన వియ్యాలవారిని నేనే చూశాను.

గౌరీసు మా జట్టులో డ్రమ్స్ కూడా వాయిస్తాడు. మాస్టారంటే వాడికి దేవుడు. పెళ్ళికొడుకుని నడిపించుకొచ్చినట్టు బేస్‌ని రెండు చేతుల మీదా పెట్టుకుని ఇంటికొచ్చాడు. అది తళతళా మెరుస్తోంది. తీగలు మరీ మెరుస్తున్నాయి. కొత్త స్టీలు గరిటెల్లా ఉన్నాయి.

కడిగావా అని అడిగాను.

"కడక్కపోతే? మాస్టారి వస్తువు కదే. ఒక్క నీరు పోసి వొగ్గీడం మర్యాదేటి? మూడు నీళ్ళూ పోసినాను. తీగలు ఇప్పి, ఇడిగా మురికంతా దులిపీసే అదురు తొట్టిలో ఏసినాను. ఎంత మురికి దిగిందనుకున్నావు, నీళ్ళు నల్లగా అయిపోనాయి."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. వాడికింకా అర్థం కాలేదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తాగి, మెల్లగా, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పాను. వాడి మొహంలో రంగు దిగిపోవడం చూసి తిట్టాలనుకున్న తిట్లన్నీ మింగేశాను. ఆ మురికి కోసమే నేను పదేళ్ళుగా కొట్లాడుతున్నానని వాడికి తెలుసు. బేస్ చేతిలోకి రాగానే అది ఒట్టి మురికిలా కనపడిందంతే. ధూళి గదిలో పద్దెనిమిదేళ్ళు పనిచేసిన చేతులు మరి.

నమోదు 3

జల్లెడలు శుభ్రం.

మంద్రం జట్టు మా ఇంట్లో కూడింది. బేస్ వాయించి చూపించాను. టింగుమంది. కంచం మీద చెంచా పడినట్టు. మాస్టారి బేస్‌లోంచి అలాంటి చప్పుడు రావడం విని కూర్మారావు కళ్ళు మూసుకున్నాడు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ కష్టంలోనూ నాలో ఓ మూల చిన్న గర్వం మెదిలింది. పికప్ అదే, చెక్క అదే, స్పంజి అదే. మారింది మురికొక్కటే. వాదం నేనే గెలిచాను. గెలిచి ఏం లాభమని వెంటనే ఏడుపొచ్చింది.

మాస్టారికి కబురు పెట్టి రావద్దని చెబుదామని ఒకరన్నారు. ఆయన అప్పటికే ప్రయాణికుల బండి ఎక్కేశారు. పైగా ఎనభై దాటిన మనిషి. ఈసారి వినకపోతే మరెప్పుడు వింటారు? మురికి పోయింది కాబట్టి మురికి పట్టించాలి, వేరే దారి లేదని తేల్చుకున్నాం.

కూర్మారావు యంత్రాల గ్రీజు తెచ్చాడు. ముందు మా పాత తీగల మీద పూసి చూస్తే టింగు పోయింది, దాంతోపాటు ప్రాణమూ పోయింది. తడి గుడ్డ మీద కొట్టినట్టుంది. మాస్టారి తీగల మీద పూయలేదు కాబట్టి బతికిపోయాం.

నమోదు 4

జల్లెడలు శుభ్రం. ఒకటి మాత్రం నేను కావాలనే మురిగ్గా ఉంచాను, కారణం ఇది.

పొద్దున్న పనిలో ఉండగా తట్టింది. ధూళి గది నీళ్ళు ఎక్కడికి పోతాయి? మా దగ్గరికే. ఈ ఊళ్ళో చుక్క నీరు కూడా బయటికి పోదు, అంతా జల్లెడల్లోంచి మళ్ళీ కుండల్లోకే వస్తుంది. మాస్టారి తీగల మురికి ఎక్కడికీ పోలేదు, నా మూడో జల్లెడ మీద కూర్చుని ఉంది.

పరుగెత్తుకెళ్ళి విప్పాను. మసిలాంటి పొర. మళ్ళీ తీగలకి పూద్దామంటే కుదరదు, అందులో చంద్రుడి ధూళి కలిసిపోయింది, తీగల్ని కోసేస్తుంది. కానీ ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముందు సబ్బు. తర్వాత ఇనుము. ఆ తర్వాత, చాలా అడుగున, వాము.

గౌరీసుని పిలిచి వాసన చూడమన్నాను. వాడు ఒకసారి పీల్చి నా మొహం చూశాడు, మళ్ళీ పీల్చాడు.

"శనగపిండి" అన్నాడు. "కాగిన నూని."

మాస్టారు మొదటి సొరంగం క్యాంటీన్‌లో పనిచేశారని మాకందరికీ తెలుసు. మాకు బేస్ కావాలి గానీ ఆయన వంటతో ఏం పని? పగలు మిరపకాయ బజ్జీలు వేసి, ఆ చేతులు గుడ్డకి తుడుచుకుని, సాయంత్రం బేస్ పట్టుకునేవారు. పదేళ్ళు మేము అయస్కాంతాల వయసు లెక్కగట్టాం. ఒక్కడూ బజ్జీ గురించి ఆలోచించలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. కొత్త టెక్కలిలో నూనె కాచడం నిషిద్ధం. నూనె పొగ జల్లెడల రంధ్రాలు పూడ్చేస్తుంది. నా వయసువాళ్ళలో ఇక్కడే పుట్టినవాళ్ళెవరూ బజ్జీ తినలేదు. మేము తినేవన్నీ ఆవిరి మీద ఉడికినవే. ఆ నిషేధం అమలు చేసే విభాగం మాదే. దాని పెద్ద మా మేనత్త వరాలమ్మ.

నమోదు 5

జల్లెడలు శుభ్రం, మూడోదానితో సహా.

వరాలమ్మత్త నా మాట మొత్తం విన్నది. ఆవిడ వినేటప్పుడు కనురెప్ప కూడా వెయ్యదు, అదే భయం. విన్నాక, గాలి విభాగం పిల్లవి అయ్యుండి నీ నోట ఈ మాట ఎలా వచ్చిందని అడిగింది. నూనె పొగ ఒక్కసారి లోపలికెక్కితే దించడం మనిద్దరి తరం కాదని చెప్పింది. అన్నీ నాకు తెలిసినవే. వాటినే నేను కొత్తగా చేరినవాళ్ళకి పాఠంగా చెబుతాను.

కానీ లేవబుద్ధి కాలేదు. ఒక ముసలాయన తన జీవితమంతా పలికిన గొంతుని ఆఖరుసారి వినడానికి వస్తున్నాడని, దాన్ని మర్యాద పేరుతో మనమే కడిగేశామని, అది తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదని చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఏడవాలని అనుకోలేదు, వచ్చేసింది.

అత్త ఉన్నట్టుండి అడిగింది.

"మిరపకాయలో వాము పెట్టీవోరా, లేదా సింతపండు గుజ్జా?"

తెలియదన్నాను.

"రెండూ" అంది. "మా యమ్మ కొంగట్టుకుని ఆ క్యాంటీన్ వరసలో నిలబడ్డాన్నేను. నాకు నాలుగేళ్ళు. ఇప్పటికీ నోట్లో ఉందే ఆ రుసి."

ఆపైన ఉద్యోగిలా మాట్లాడింది. ధూళి గది గాలి వేరు, ఊరి జల్లెడల్లోకి రాదు. లోపలి తలుపు బిగించి అక్కడే వేయించుకోవచ్చు. అయ్యాక బయటి తలుపు తెరిచి ఆ గాలిని పొగతో సహా బయటికి వదిలేస్తారు. అంటే ఒక గదెడు గాలి పారబోస్తారు. భూమ్మీదవాళ్ళకి ఈ మాట బరువు తెలియదు. మేము ఊదిన ఊపిరినే మళ్ళీ కడిగి పీలుస్తాం. పెళ్ళిలో కూడా గుప్పెడు గాలి పారబొయ్యం. అత్త దాన్ని అతిథి మర్యాద కింద రాసుకోమంది. వంగి కాళ్ళకి దండం పెట్టబోతే, వెళ్ళి పని చూసుకోమని కసిరింది.

నమోదు 6

జల్లెడలు శుభ్రం. నా చేతులు కావు. నా జన్మలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను.

తోటవాళ్ళు మిరపకాయలిచ్చారు. నువ్వుల నూనె అత్త ఇంట్లోంచి వచ్చింది. ధూళి గదిలో విద్యుత్ పొయ్యి పెట్టి, మూకుడు మీద ఇనుప వల బిగించాం. ఇక్కడ బరువు ఆరోవంతే కదా, నూనె చుక్క చిట్లితే పైకప్పు దాకా పోతుంది. పైగా బుడగలు పైకి రావడానికి బద్ధకిస్తాయి, బజ్జీ చుట్టూ అతుక్కుని కూర్చుంటాయి. మొదటి వాయి బయట మాడి లోపల పచ్చిగా ఉంది. గౌరీసు అట్లకాడతో ఊరికే తిప్పుతూ ఉండాలని కనిపెట్టాడు. డ్రమ్స్ వాయించే చెయ్యి, లయ తప్పకుండా తిప్పాడు. రెండో వాయి బంగారు రంగులో వచ్చింది.

నా ఒక్కదాని చేతులు చాలవని ముందే తెలుసు. ఏళ్ళ మురికి కొద్ది రోజుల్లో పట్టాలి. అందుకని పొగ గాలిని బయటికి వదిలేశాక ఊరిని పిలిచాం. జట్టుజట్టుగా లోపలికి రావాలి, బజ్జీ చేత్తో పట్టుకుని తినాలి, చెయ్యి గుడ్డకి ఒక్కసారే తుడుచుకోవాలి, తర్వాత బేస్ తీసుకుని తీగల మీద పైనుంచి కిందకి తోచింది వాయించాలి. వరస తోటల దాకా పోయింది. బేస్ ఎప్పుడూ ముట్టనివాళ్ళు ముట్టారు. బడి పంతులమ్మ ఒక్క స్వరం మీటి భయపడి, మళ్ళీ మీటి, ఇక వదలనంది. తవ్వకం పనివాళ్ళ మొరటు వేళ్ళు చూసి నా గుండె ఆగినంత పనైంది గానీ వాళ్ళే అందరికన్నా మెత్తగా పట్టుకున్నారు. అత్త ఆఖర్న వచ్చింది. బజ్జీ కొరికి, నములుతూ అలాగే నిలబడిపోయింది. రుచి కుదిరిందా అని అడిగితే తలూపింది.

తర్వాతి షిఫ్టుల్లో ఆ చేతులే మళ్ళీ మళ్ళీ మా ఇంటికొచ్చి తీగలు పట్టాయి. ఊళ్ళో ఎవరు ఎదురైనా వేళ్ళు చూపించి, కడుక్కోలేదని చెబుతున్నారు. ధూళి గది మనిషి పెళ్ళానినైన నా దగ్గర ఊరు ఇలా గొప్పలు పోయే రోజు వస్తుందని ఎవరనుకున్నారు.

నమోదు 7

జల్లెడలు శుభ్రం. రేపు మాస్టారు దిగుతారు.

టింగు పోయింది. తీగలు నల్లబడ్డాయి. చప్పుడు లావుగా, నిదానంగా, లోపల్లోపల గురగురమంటూ వస్తోంది. నాకు చాలా నచ్చింది. కానీ మాస్టారి రికార్డింగుల్లోది కాదు. ఆయనది బిగువుగా, గుండ్రంగా ఉంటుంది. నా చెవి తప్పేమోనని కూర్మారావు నకలు పెట్టె తెచ్చి రెండూ వినిపించాడు. పెట్టె మొహమాటం లేకుండా చెప్పింది, ఇది వేరే మనిషి టోన్ అని.

కూర్మారావు మెల్లగా పెట్టె మూత పెట్టేశాడు. కడిగినది తనేనని మాస్టారికి తనే చెబుతానని గౌరీసు అన్నాడు. వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చేసినదంతా చేసి ఆ ముసలాయనకి పరాయి గొంతు వినిపించబోతున్నాను.

నమోదు 8

జల్లెడల సంగతి తర్వాత రాస్తాను.

మాస్టారు నేను అనుకున్నదానికన్నా పొట్టి. మూడు నీళ్ళూ పోయించుకుని, తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చారు. మాటలు పలక మీద రాస్తే చదువుకుంటారు. భోజనాల హాలులో ఊరంతా కూడింది. బేస్ చేతికివ్వగానే చెక్క మీద వేలు రాసి, వెలుగులో తిప్పి చూశారు.

"ఎవురు కడిగినారు?"

గౌరీసు ముందుకొచ్చి పలక మీద రాసి చూపించాడు. మాస్టారు చదివి, వాడి మొహం చూసి, నా పక్కన కుర్చీ వేసుకున్నారు. బేస్ తల మీద దవడ ఆనించి, వాయించమని సైగ చేశారు.

ఆయన క్యాంటీన్ మూసే వేళ వాయించే పాటే ఎత్తుకున్నాను. మొదటి నాలుగు స్వరాలకే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యెత్తి ఆపేస్తారని ఎదురుచూశాను. ఆపలేదు. కనుబొమలు ముడిపడ్డాయి, మళ్ళీ విడిపోయాయి. దవడ ఇంకా గట్టిగా ఆనించారు. తొందరపడని పిల్లననే నన్ను ఎంచుకున్నారు కదా, అదొక్కటే తలుచుకుని చివరిదాకా వాయించాను.

పాట అయ్యాక కూడా తల ఎత్తలేదు. ఎత్తేసరికి గడ్డం దాకా తడి ఉంది.

"ఇది నాది కాదమ్మా" అన్నారు. "ఇది దాలమ్మక్కది."

దాలమ్మ ఎవరో మాలో ఎవరికీ తెలియదు. ఆయనే చెప్పారు. మొదటి సొరంగం క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి ఆవిడ. ఆవిడ బేస్ ఎప్పుడూ క్యాంటీన్ గోడకి వేలాడేది, తాళం లేదు. షిఫ్టు దిగినవాళ్ళు బజ్జీ తిని, ఆ చేత్తోనే దాన్ని దించి కాసేపు వాయించి పెట్టేసేవారు. రాత్రి ఆవిడ పట్టుకునేది. ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఆ గోలలో చెవులకేమీ వినపడదు కాబట్టి, వయసులో ఉన్న జోగినాయుడు ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, బేస్ తల మీద దవడ ఆనించి నేర్చుకున్నాడు.

"ఆవిడ పోయినాక ఆ గిటారు ముక్కలు సేసీసినారు. పికప్ ఒక్కటీ దొరికితే తెచ్చి దీనికి బిగించినాను. టోన్ అందులో ఉందనుకున్నాను. రాలేదు. తీగల్లో ఉందేమోనని మార్చడం మానీసినాను. నా సేతి మురికే పట్టింది, నా టోనే వొచ్చింది. అందరూ అదే గొప్పన్నారు. నాకు మాత్రం ఆవిడది కావాలి. బతుకంతా ఎతికినాను. మీరేటి సేసినారు?"

అత్త వచ్చి పలక తీసుకుని రాసింది: ఊరందరం తిని వాయించాం.

మాస్టారు అది చదివి, తల వెనక్కి వాల్చి నవ్వారు. అంత చిన్న మనిషిలోంచి అంత పెద్ద నవ్వు ఎలా వచ్చిందో. కూర్మారావు ఆ పికప్‌ని చూస్తూ తనూ నవ్వడం మొదలుపెట్టాడు. గౌరీసు మాత్రం గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

బేస్ ఈ ఊళ్ళోనే ఉంటుందని మాస్టారు చెప్పారు. అయితే నా ఇంట్లో కాదు, ఈ హాలు గోడ మీద, తాళం లేకుండా. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం గుండె చివుక్కుమంది. పదేళ్ళు దాని గురించి కలలు కన్నది నేను. కానీ ఆయన మొహం చూశాక ఆ బాధ నిలవలేదు.

తర్వాత ఆయన బేస్ కోసం చేతులు చాచారు. ఒళ్ళో పెట్టాను. వేళ్ళు మడతపడవు, రెండు మాత్రం కదులుతున్నాయి. దాని తల ఆయన దవడకి ఆనేలా పట్టుకున్నాను. అందరికన్నా లావు తీగని, ఏ మెట్టూ నొక్కకుండా, బొటనవేలితో ఒక్కసారి మీటారు. ఆ స్వరం నేలలోంచి మా అరికాళ్ళకి వచ్చింది. అది పూర్తిగా ఆగిపోయేదాకా కళ్ళు మూసుకుని విన్నారు.

"అక్కా" అన్నారు. మళ్ళీ మీటారు.